గోతివారి మనశ్శాంతి విధానం

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద గొయ్యి ఉండేది. తప్పు చేసిన జంతువుల్ని పట్టుకొచ్చి అందులోకి దింపేవారు. గోతి అడుగున ఉన్న ప్రాణాలకంటే, గట్టు మీద వాటి బాగోగులు చూసే శాఖలో ఉన్న ప్రాణాలే ఎక్కువ.

కొంతకాలంగా గోతిలో ఏదో తేడాగా ఉంది. విడుదలైన జింక ఒకటి పచ్చిక మైదానాన్ని చూసి వణికిపోయి, తిరిగి గట్టు దగ్గరికే వచ్చి, "అయ్యా, నన్ను లోపలికి దింపెయ్యండి" అని బతిమాలింది. ఒక కోతి కొమ్మ పట్టుకోవడం మరిచిపోయింది. లోపల ఒక నక్క పొద్దస్తమానం గుండ్రంగా తిరిగి తిరిగి రాతినేల మీద బాట వేసింది.

ఇవేవీ సింహరాజుగారికి పట్టలేదు. పట్టింది ఒకటే. ఓ విందులో పొరుగు అడవి పులిరాజు మూతి తుడుచుకుంటూ, "మా నేరస్థుల మానసిక ఆరోగ్యానికి మేమో విధానం రాయించుకున్నాం. మీకుందా?" అని అడిగాడు. సింహరాజుగారికి నములుతున్న ఎముక గొంతుకు అడ్డం పడింది.

"మనకీ ఒకటి కావాలి. వానలు పడేలోగా కావాలి. పొరుగువాళ్ళ దానికంటే లావుగా ఉండాలి" అని సింహరాజుగారు మర్నాడే హుకుం జారీ చేశారు. ఆ పని వచ్చి పొలుసయ్య నెత్తిన పడింది.

పొలుసయ్య అలుగు జాతివాడు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, మూరెడు నాలుక, చీమలు తిని బతికే సాధుజీవి. గొయ్యి శాఖలో విధానాల అధికారి. ఎవరైనా సూటిగా ఒక ప్రశ్న అడిగారంటే చాలు, తల కడుపులో దూర్చి, తోక పైన కప్పుకుని బంతిలా చుట్టుకుపోయేవాడు. అడిగినవాళ్ళు కాసేపు నిలబడి, ఒకసారి తట్టి చూసి, విసిగి వెళ్ళిపోయేవారు. నిర్ణయాలు తీసుకున్న అధికారులందరూ ఎప్పుడో ఒకప్పుడు చిక్కుల్లో పడి మారుమూల కొండలకు బదిలీ అయ్యారు. పొలుసయ్య మాత్రం దొర్లుకుంటూ వచ్చి పెద్ద పదవిలో ఆగాడు. బయట లోకంలో బంతులు పల్లానికే దొర్లుతాయి గానీ, శాఖల్లో మిట్టకు కూడా దొర్లుతాయి.

ఆ సంగతి అతనికీ తెలుసు. "నాకు వెన్నెముక లేదంటారు గానీ, ఎందుకు లేదు? లేకపోతే ఇంత చక్కగా వంగుతుందా?" అని తన మీద తనే జోకులు వేసుకునేవాడు. తన మీద తను నవ్వుకునేవాణ్ణి ఇంకొకరు కొత్తగా ఏమీ అనలేరని అతని ధీమా.

విధానం రాయాలంటే ముందు గోతిని చూడాలి. అన్నేళ్ళ కొలువులో పొలుసయ్య గోతిలోకి తొంగి చూసింది లేదు. ఆ సాయంత్రం గట్టు అంచుదాకా వెళ్ళి, ఒక కన్ను మాత్రం కిందికి పెట్టాడు.

గోతి కాపలా అధికారి దుమ్ములగొండి. దానికి దేనికైనా నవ్వొస్తుంది. చావు కబురు చెప్పినా నవ్వుతూనే చెబుతుంది. "రండి పొలుసయ్యగారూ! ఆ మూల తల గోడకి కొట్టుకునేది అడవిపంది, హిహి. ఈ పక్క ఆకు ముట్టనిది కుందేలు, హిహిహి. మిగతావాళ్ళు బాగానే ఉన్నారు. ఒక్క బొంతమ్మతోటే నా ప్రాణం పోతోంది."

"బొంతమ్మ ఎవరు?"

"ఎలుగుబంటి. రాజుగారి పట్టులో తేనె తిన్నది. శిక్ష వానలు పడేదాకే. కానీ ఆ గొంతు ఉంది చూశారూ..."

అంటూండగానే గోతిలోంచి ఒక గొంతు లేచింది. "బుల్లీ! ఓలే బుల్లీ! బువ్వ తిన్నావేటే?"

పొలుసయ్య అదిరిపడి అక్కడికక్కడే చుట్టుకుపోయాడు. కాసేపటికి వాగు అవతలి నుంచి సన్నగా "కుయ్" మని వినిపించింది. "ఏటి తిన్నావే? ఇప్పపూలా? పుట్టకాడికి పోమాకే, పాముంటాది!" అంది గోతిలో గొంతు. మళ్ళీ "కుయ్".

"దీని కూన" అంది దుమ్ములగొండి. "పిన్నమ్మ దగ్గర వదిలొచ్చింది. ఆవిడ పగలు దాన్ని మేతకు దూరం తీసుకుపోయి, చీకటి పడేసరికి వాగు దగ్గరికి తెస్తుంది. రోజూ పొద్దుగూకితే ఇదే భాగోతం. నా కునుకు పాడవుతోంది. కాస్త మీ విధానంలో దీని సంగతి చూడండి."

పొలుసయ్య వైద్యశాఖాధిపతి కొంగ దగ్గరికి పరుగెత్తాడు. కొంగ ఒంటికాలి మీద, తెల్లగా, ఎవరికీ అందనంత దూరంలో నిలబడి ఉన్నాడు. గోతిలో బురద ఉంటుందని ఆయన ఎన్నడూ దిగలేదు.

"మనసు కంటికి కనబడదు గదండీ" అన్నాడు కొంగ. "గట్టు మీంచి చూసి, ఎవడికి జబ్బుందో ఎవడికి లేదో చెప్పగలిగే లక్షణాలు మీరు రాసివ్వండి. వైద్యం నేను చూసుకుంటా. దిగడం మాత్రం కుదరదు."

లక్షణాలు! పొలుసయ్య చాలాసేపు ఆలోచించాడు. మనసు బాగుండటం అంటే ఏమిటి? అతనికి తెలిసిన మనసు ఒకటే, తనది. 'నా ప్రాణం హాయిగా ఎప్పుడుంటుంది?' అని తనను తనే అడిగి చూసుకున్నాడు. ముడుచుకున్నప్పుడు. చీకటిగా, చల్లగా, ఎవరి మాటా వినబడకుండా ఉన్నప్పుడు. అంతకంటే మనశ్శాంతి ఏముంటుంది?

అంతే, కలం పరుగులు తీసింది. మొదటి పుటలోనే "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అనే సామెత రాశాడు. మూడో అధ్యాయంలో రోగ లక్షణాలు రాశాడు: అరవడం, అటూ ఇటూ తిరగడం, ప్రశ్నలు వెయ్యడం, అయినవాళ్ళను పిలవడం. ఆ పక్కనే ఆరోగ్య లక్షణం కూడా రాశాడు: ఉన్నచోట ముడుచుకుని, నోరు మెదపకుండా ఉండటం. శిక్షాకాలం పూర్తయినా సరే, మనసు కుదుటపడినట్టు సర్టిఫికెట్ ఉంటేనే విడుదల. అరిచేవారికి నిశ్శబ్ద చికిత్స. అంటే పొద్దుగూకే వేళకు గోతి మీద మందపాటి ఆకుల తడిక కప్పెయ్యడం.

ఇంత తేలిగ్గా అందరికీ నచ్చిన విధానం ఆ అడవి చరిత్రలో మరొకటి లేదు. కొంగకు దిగే పని తప్పింది. దుమ్ములగొండికి కునుకు దక్కింది. సింహరాజుగారు బరువు తూచి చూసి, పొరుగువాళ్ళ దానికంటే ఎక్కువుందని నిర్ధారించుకుని పంజా గుర్తు వేశారు. అవతల గోతిలో ఉన్నవాళ్ళని అడగలేదేమని ఎవరికీ తోచలేదు. అడిగితే అరుస్తారు, అరిస్తే రోగులవుతారు, రోగుల మాట ఎలా నమ్ముతాం?

తడిక కప్పిన మొదటి సాయంత్రం బొంతమ్మ ఎప్పటిలాగే పిలిచింది. గొంతు ఆకులకు తగిలి తిరిగి తన మీదే పడింది. "కుయ్" రాలేదు. మళ్ళీ పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. మర్నాడు పొద్దున గట్టు మీద కనబడిన పొలుసయ్యతో, "అయ్యా, నా పిల్లకి ఇప్పుడిప్పుడే నడకొచ్చింది. నా గొంతు ఇనబడకపోతే అమ్మ సచ్చిపోనాదనుకుంటాది. ఆ తడిక తీయించు బాబూ" అంది.

సూటి ప్రశ్న కాకపోయినా సూటి మాటే. పొలుసయ్య చుట్టుకుపోయాడు. లోపలి చీకట్లోంచి, "పరిశీలిస్తాం" అన్నాడు.

బొంతమ్మ ఇంకొన్ని రోజులు అరిచింది. తర్వాత పిలుపు కాస్తా మూలుగైంది. తర్వాత అదీ ఆగిపోయింది. ఒక మూల గోడవైపు తిరిగి, తల ఒళ్ళో పెట్టుకుని ముద్దలా పడుకుంది. కొంగ గట్టు మీంచి మెడ సాచి చూసి, "అద్భుతం! పూర్తిగా కుదుటపడింది" అని రాసేశాడు. తల కొట్టుకునే పందీ ముడుచుకుంది. తిరిగే నక్కా ముడుచుకుంది. గోతిలో అందరికీ ఆరోగ్యమే ఆరోగ్యం. పొలుసయ్యకు మనోవిజ్ఞాన భూషణ బిరుదు వచ్చింది.

'చూశావా, ముడుచుకోవడం తప్ప ఏమీ చేతకానివాడు ముడుచుకోవడాన్నే శాస్త్రం చేసేశాడు' అని అద్దంలాంటి మడుగులో తన మొహం చూసుకుని నవ్వుకున్నాడు. నవ్వు బాగానే వచ్చింది.

మొదటి చినుకులు పడ్డాయి. బొంతమ్మ విడుదల రోజు. సింహరాజుగారు దాన్ని పండుగ చెయ్యాలన్నారు. పులిరాజును పిలిచారు. గట్టంతా తోరణాలు. కోలుకున్న మొదటి ఖైదీని విధానకర్త తన చేత్తో పైకి తీసుకురావాలని ఏర్పాటు. మెట్లు చెక్కిన దుంగను లోపలికి దించారు. పొలుసయ్య మెడలో దండతో, జన్మలో మొదటిసారి గోతిలోకి దిగాడు.

"బొంతమ్మా, లే. ఇంటికెళ్ళిపోదువు గాని."

బొంతమ్మ కదల్లేదు. ముందర పెట్టిన ఇప్పపూలు ఎప్పటివో, ఎండి నల్లబడి ఉన్నాయి. ఎముకల మీద బొచ్చు కప్పినట్టుంది.

"నీ కూన ఎదురుచూస్తోంది" అన్నాడు. అప్పుడూ ఉలుకూ పలుకూ లేదు. ఏం చెయ్యాలో తోచక ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

వణుకు. పైకి కనబడని వణుకు, లోపల ఎక్కడో ఆగకుండా కొట్టుకుంటోంది. పొలుసయ్య చెయ్యి తియ్యలేకపోయాడు. ఆ వణుకు అతనికి బాగా తెలుసు. బంతిలా చుట్టుకున్న ప్రతిసారీ తన పొలుసుల కింద ఉండేది అదే. దానికి ఇన్నాళ్ళూ మనశ్శాంతి అని పేరు పెట్టుకున్నాడు. అది శాంతి కాదు, భయం. తను జీవితమంతా భయపడుతూ కూర్చుని, ఆ భయాన్నే కొలబద్దగా చేసి గోతి నిండా పంచిపెట్టాడు. సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయింది. ఆ సిగ్గు మీద ఒక్క జోకు కూడా రాలేదు.

దుంగ మీద పరుగున పైకి వచ్చాడు. దండ తెంచి పారేశాడు.

"ఆమె చచ్చిపోతోంది!" అని అరిచాడు. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "అది కుదుటపడటం కాదు, కుంగిపోవడం! తప్పు నాది! ప్రభూ, ఎందుకు చూస్తూ కూర్చున్నారు? కొంగగారూ, ఒక్కసారైనా ఎందుకు దిగలేదు? బొంతమ్మా! లేవవే తల్లీ!" అంటూ గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు.

పులిరాజు ముందు పరువు పోతోందని సింహరాజుగారు గడ్డం దువ్వుకున్నారు. కొంగ మెల్లగా మూడో అధ్యాయం తీశాడు.

"అరవడం, ఉంది. అటూ ఇటూ తిరగడం, ఉంది. ప్రశ్నలు వెయ్యడం, ఉంది. అయినవాళ్ళను..." అని ఆగాడు. "కానివాళ్ళను కూడా పిలుస్తున్నాడు ప్రభూ. ముదిరిందన్నమాట."

"పాపం, పని ఎక్కువై ఉంటుంది" అన్నారు సింహరాజుగారు. "వైద్యం చేయించండి."

"ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. ఈ గొయ్యి మీరు తీసింది కాదు కదా పొలుసయ్యగారూ, మరి నేను నవ్వొచ్చా?" అంది దుమ్ములగొండి, అప్పటికే నవ్వుతూ. పొలుసయ్యను లోపలికి దించి దుంగ పైకి లాగేశారు. బొంతమ్మ తనంతట తను లేచి నడిచి రాలేదు గనక, ఆమె విడుదల వచ్చే తనిఖీకి వాయిదా పడింది.

బిరడా ఊడిన సీసాలాగా తయారయ్యాడు పొలుసయ్య. తెల్లారి లేచింది మొదలు అరుపే. "మూడో అధ్యాయం కొట్టెయ్యండి! తడిక తియ్యండి! నా విధానం తప్పు, అది రాసినవాడు దద్దమ్మ!" గట్టు మీద వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు. గోతిలో వాళ్ళకు దూది కూడా లేదు.

ఒకరోజు మూలనున్న బొచ్చుముద్ద కదిలింది.

"నోర్ముయ్యెహె! సెవులు సిల్లులు పడిపోతన్నాయి!"

పొలుసయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాట్లాడావు! బొంతమ్మా, ఇంకోసారి తిట్టవూ?"

"తిట్టడమేటి, తన్నుతాను. ఆ తడిక రాసినోడివి నువ్వే కాదేటి?"

"నేనే తల్లీ."

బొంతమ్మ లేచి నిలబడి ఒక్కటిచ్చింది. పొలుసయ్య బంతిలా దొర్లి గోడకు కొట్టుకుని మళ్ళీ ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చాడు. ఇంకొకటిచ్చింది. నక్క లేచి వచ్చి తమాషా చూసింది. పంది, "ఈసారి నేను తన్నొచ్చా?" అని అడిగింది. ఆ పూట బొంతమ్మకు ఆకలేసింది. గోడ పగుల్లో చెదలు నాకి, ఎండిన ఇప్పపూలు కూడా తినేసింది. కుందేలు ఓ ఆకు కొరికింది. వైద్యశాఖ పుట్టిన దగ్గర్నుంచి ఆ గోతిలో జరిగిన మొదటి వైద్యం అదే.

ఆ సాయంత్రం తడిక పడగానే పొలుసయ్య బొంతమ్మ భుజాల మీదకెక్కి, ఇన్నాళ్ళూ కలం పట్టడానికి తప్ప వాడని గోళ్ళతో, నడుమ కిందికి వేలాడుతున్న ఆకుల్ని చీల్చి కంత పెట్టాడు. చెదపుట్టలు తవ్వడానికి పుట్టిన గోళ్ళకు ఆకులో లెక్కా!

"పిలువు" అన్నాడు.

బొంతమ్మ వెనకాడింది. పిల్ల బతికి ఉందో లేదో, పిలిస్తే పలక్కపోతే ఏం కావాలో. పొలుసయ్య చెవి పట్టుకుని గుంజాడు. "బుల్లీ!" అంది చివరికి. వాగు అవతల ఏమీ లేదు. "ఓలే బుల్లీ, అమ్మనే!"

"కుయ్". ఆ వెంటనే ఆగకుండా, ఒకదాని మీద ఒకటి, కుయ్ కుయ్ కుయ్. బొంతమ్మ పొలుసయ్యను భుజాల మీద మరిచిపోయి నేల మీద కూలబడి ఏడ్చింది.

దుమ్ములగొండి విననే విన్నది. 'బొంతమ్మకు రోగం తిరగబెట్టింది' అని పైకి కబురు పంపింది. తనిఖీ దగ్గరికొచ్చింది. సర్టిఫికెట్‌కు ఆ పూట కొంగ కంటికి కనబడిందే లెక్క. ఆ రోజు ఆమె ఒక్క అరుపు అరిచినా మళ్ళీ వానలదాకా గోతిలోనే. పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టండి అన్నవాడి కథ విన్నాం. ఇక్కడ నిజంగా కుదిరినవాళ్ళకే రోకలి చుడుతున్నారు.

"భయపడకు" అన్నాడు పొలుసయ్య. "ఈ లోకంలో నాకొచ్చిన విద్య ఒకటే ఉంది. అది నీకు నేర్పిస్తా. గడ్డం కడుపుకి ఆనించు. ఊపిరి చిన్నది చెయ్యి. ఏదైనా అడిగితే విననట్టుండు. మళ్ళీ అడిగితే ఇంకాస్త ముడుచుకో."

"ఈపు దురదెడితే గోక్కోవద్దేటి?"

"గోక్కోకు. నేను పెద్ద పదవికి దురద ఓర్చుకోకుండానే వచ్చాననుకున్నావా?"

బొంతమ్మ ముడుచుకుంటే వెనకభాగం బయటికే ఉండిపోయేది. సర్దబోతే కిసుక్కున నవ్వేది. నక్కా, పందీ, కుందేలూ కూడా నేర్చుకున్నాయి. పగలంతా నటన, పొద్దుగూకితే కంత దగ్గర పిలుపులు.

తనిఖీ రోజు వచ్చింది. పొలుసయ్య కుర్చీలో ఇప్పుడు తాబేలు ఉన్నాడు. ముడుచుకోవడం పొలుసయ్యకు అలవాటైతే, ఆయనకు ఇల్లే అది. సింహరాజుగారు, కొంగ, తాబేలు గట్టు అంచున బారుగా నిలబడ్డారు. గోతిలో అందరూ ముద్దలు ముద్దలుగా పడి ఉన్నారు. వాళ్ళలో పొలుసయ్య కూడా. ఆ ఒక్క పూట కదలకుండా ఉంటే అతనికీ విడుదలే.

"బొంతమ్మ, కుదుటపడింది" అన్నాడు కొంగ. దుంగ దిగింది. బొంతమ్మ లేచి, తల వంచుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి బయటపడింది. గట్టు దాటేదాకా నడిచింది. దాటాక పరుగెత్తింది. ముద్దలోంచి ఒక కంటితో చూస్తున్న పొలుసయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"పొలుసయ్య, ఇతనూ కుదుటపడ్డాడు" అన్నాడు కొంగ. "ఈ శుభవేళ తాబేలుగారు రెండు మాటలు చెబుతారు."

తాబేలు మెడ కొంచెం బయటపెట్టాడు. "ఇంత గొప్ప విధానాన్ని ఒక్క గోతికే పరిమితం చెయ్యడం అన్యాయం. సాయంత్రాలు తల్లుల కోసం ఏడ్చే కూనలున్నాయి. వాటికి కూడా చిన్నప్పుడే ఈ చికిత్స మొదలుపెడితే..."

ముడుచుకో, అనుకున్నాడు పొలుసయ్య. గడ్డం కడుపుకి ఆనించు. ఊపిరి చిన్నది చెయ్యి. బిగించాడు. ఇంకా బిగించాడు. జీవితమంతా ఒక్కసారి కూడా తప్పని విద్య, సరిగ్గా అవసరమైన రోజున చేతకాకుండా పోయింది.

"ఒరేయ్ తాబేలూ!" అని లేచి నిలబడ్డాడు. "కూనల జోలికెళ్ళావంటే నీ డిప్ప పగలగొడతా!"

తాబేలు మెడ లోపలికి పోయింది. ఆ డిప్పలోంచి "పరిశీలిస్తాం" అన్న మాట మాత్రం వచ్చింది. దుంగ పైకి లేచిపోయింది.

కూనల ఉత్తర్వు ఈనాటికీ వెలువడలేదు. శాఖ కచేరీ గట్టు మీదే గదా. దాన్ని ఎప్పుడు చదవబోయినా గోతిలోంచి ఒక గొంతు లేస్తుంది. దాని వెనకే నక్కా పందీ గొంతులు కలుస్తాయి. శాఖవాళ్ళు తలనొప్పి వచ్చి వాయిదా వేసుకుంటారు. పొలుసయ్య మటుకు రెండు పూటలా చీమలు తింటున్నాడు, కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు, అందరితో దెబ్బలాడుతున్నాడు. కొంగ ప్రతి తనిఖీకీ గట్టు మీంచి చూసి, నిట్టూర్చి, 'ఆశ లేదు' అని రాస్తున్నాడు.

నీతి: ఆరోగ్యం కావాలంటే నోరు తెరవండి, ఆరోగ్యంగా ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలంటే ముడుచుకోండి.